గేమింగ్‌కూ సంగీతానికీ కలిపి ఒకే హెడ్‌ఫోన్: దేన్ని చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఒక గేమింగ్ హెడ్‌సెట్‌తోనే నెట్టుకొస్తున్నాను. అది చెవులను పూర్తిగా మూసే రకం. యూఎస్‌బీ వైరుతో నేరుగా కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు, మైకు కూడా దానితోనే వచ్చింది. ఇప్పుడు దాని ఇయర్‌ప్యాడ్ల తోలు పొట్టు లేచి చెంపలకు అంటుకుంటోంది, హెడ్‌బ్యాండ్ కూడా ఒక పక్క వదులైపోయింది. దీన్ని బాగుచేయించుకోవడం కంటే ఈ అదనులోనే ఒక మెట్టు పైకి వెళ్ళడం మంచిదనిపించి మీ సలహా కోరుతున్నాను.

నా వాడకం రెండు రకాలు. మొదటిది కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ వంటి షూటింగ్ ఆటలు. వీటిలో ప్రత్యర్థి ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి వస్తున్నాడో అడుగుల చప్పుడును బట్టే పసిగట్టాలి. రెండవది సంగీతం. ఆట లేని రోజుల్లో గంటల తరబడి పాటలు వింటాను. వాటిలో గాత్రానికి, తీగవాద్యాలకు ప్రాధాన్యం ఉన్నవే ఎక్కువ. నా ప్రస్తుత హెడ్‌సెట్‌లో పేలుళ్ళు, తుపాకి మోతలు దద్దరిల్లుతాయి గానీ, గాయకుల గొంతు మాత్రం దుప్పటి కప్పుకుని పాడుతున్నట్లు ఉంటుంది. ఆటలో కూడా గ్రెనేడ్ పేలిన వెంటనే వచ్చే అడుగుల చప్పుడు నాకు అందదు.

వెతికిన కొద్దీ అయోమయం పెరిగింది. కొందరు చుట్టూ ఏడు స్పీకర్లు ఉన్నట్లు వినిపించే 7.1 సరౌండ్ లేకపోతే గేమింగ్‌కు పనికిరాదంటారు, మరికొందరు దాన్ని వెంటనే ఆపేయమంటారు. కొందరు ఓపెన్‌బ్యాక్ తప్ప మరొకటి కొనవద్దంటారు. 300 ఓమ్స్ హెడ్‌ఫోన్ కొంటే విడిగా యాంప్లిఫయర్ తప్పనిసరి అని ఒకచోట, అక్కర్లేదని మరొకచోట చదివాను. గేమింగ్ హెడ్‌సెట్ల నుంచి సంగీతం కోసం తయారైన హెడ్‌ఫోన్లకు మారితే మైకు సంగతి ఏమిటన్నది మరో సందేహం. ఈ రెండు పనులకూ ఒకే జత సరిపోతుందా, లేక రెండు వేర్వేరుగా కొనుక్కోవాలా? కొనేముందు దేన్ని చూడాలి, దేన్ని పట్టించుకోనవసరం లేదు?

మొదటి సమాధానం

ఒకే జత నిక్షేపంగా సరిపోతుంది. ఎందుకంటే మీరు చెప్పిన రెండు ఫిర్యాదులూ, అంటే గొంతు మసకబారడమూ, పేలుడు తర్వాత అడుగుల చప్పుడు అందకపోవడమూ, వేర్వేరు జబ్బులు కావు. రెండింటికీ మూలం ఒక్కటే. చాలా గేమింగ్ హెడ్‌సెట్లలో పేలుళ్ళు ఘనంగా వినిపించాలని బేస్‌ను అవసరానికి మించి పెంచుతారు. మన చెవికి ఒక స్వభావం ఉంది. గట్టిగా మోగే తక్కువ పౌనఃపున్యపు ధ్వని తనకంటే పై పౌనఃపున్యాల్లో ఉన్న సన్నని ధ్వనులను కప్పేస్తుంది, కానీ పై ధ్వని కింది ధ్వనిని అంతగా కప్పలేదు. కనుక ఉబ్బిన బేస్ గాత్రంలోని స్పష్టతను ఎలా మింగేస్తుందో, బూటు నేలను తాకినప్పుడు వచ్చే సన్నని టకటకను కూడా అలాగే మింగేస్తుంది. పాటలో గొంతును స్పష్టంగా వినిపించే హెడ్‌ఫోన్ ఆటలో అడుగులను కూడా స్పష్టంగా వినిపిస్తుంది. గేమింగ్‌కు ఒక రకం, సంగీతానికి మరో రకం కావాలన్న మాట ప్రధానంగా పెట్టె మీద ముద్రించడానికి పుట్టినదే.

దిశను గుర్తించడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే 7.1 గందరగోళం అంతా ఇక్కడే ఉంది. కుడివైపు నుంచి వచ్చే చప్పుడు కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్ల దగ్గరే ఆగుతుంది. సుమారు 1,500 హెర్ట్జ్‌కు దిగువన మెదడు ఈ కాల వ్యత్యాసాన్ని ప్రధానంగా వాడుకుంటే, ఆ పైన తల అడ్డుపడడం వల్ల రెండు చెవుల మధ్య ఏర్పడే తీవ్రత వ్యత్యాసాన్ని వాడుకుంటుంది. ఈ సిద్ధాంతాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే ప్రతిపాదించాడు. ముందా వెనుకా, పైనా కిందా అన్నది తేల్చేది మాత్రం బయటి చెవి మడతలు. అవి పై పౌనఃపున్యాల్లో కొన్నిచోట్ల ధ్వనిని తగ్గిస్తాయి, కొన్నిచోట్ల పెంచుతాయి. ఆ ముద్రను బట్టి మెదడు దిశను పోల్చుకుంటుంది.

ఈ మొత్తం ప్రక్రియను గణితంగా మార్చి రెండు ఛానెళ్ళలోకి ఇమిడ్చే పద్ధతినే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. మీరు ఆడే ఆటల్లో ఆ సౌకర్యం ఆటలోనే ఉంది. శబ్దం ఏ బిందువు దగ్గర పుట్టిందో ఆటకు కచ్చితంగా తెలుసు కాబట్టి, ఆ పని అక్కడ జరగడమే సరైనది. హెడ్‌సెట్‌తో వచ్చే 7.1 సాఫ్ట్‌వేర్‌కు ఆ బిందువు తెలియదు. దానికి అందేది ఏడు స్పీకర్లకు ఉద్దేశించిన మిశ్రమం మాత్రమే, కొన్ని సందర్భాల్లో అదీ కాక ఉత్తి స్టీరియోయే. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్‌ను ఆన్ చేసి, దాని మీద మళ్ళీ 7.1ను నడిపితే ఒకే ధ్వనికి రెండుసార్లు చెవి ముద్ర పడి దిశలు చెదిరిపోతాయి, గొంతులకు గుహలో మాట్లాడినట్లు ప్రతిధ్వని వస్తుంది. అందువల్ల రెండింటిలో ఒకదాన్నే ఉంచండి, అది ఆటలోనిదై ఉండాలి. సంగీతానికైతే రెండూ అక్కర్లేదు, మామూలు స్టీరియో చాలు.

ఇక హెడ్‌ఫోన్ చేయవలసిన పని ఏమిటంటే, ఆ రెండు ఛానెళ్ళలో వచ్చినదాన్ని చెడగొట్టకుండా చెవికి చేర్చడం. ఇందుకు చూడవలసినవి రెండు. ఒకటి, కుడి ఎడమ డ్రైవర్లు, అంటే ధ్వనిని పుట్టించే భాగాలు, ఒకేలా ఉండాలి. రెండు, ధ్వని సమతుల్యత బాగుండాలి. సమతుల్యతకు ఒక కొలమానం కావాలంటే, ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం శ్రోతల అభిరుచులను పరీక్షించి రూపొందించిన హర్మన్ వక్రరేఖ ఉంది. ఎక్కువమంది శ్రోతలకు నచ్చే బేస్, గాత్రం, ట్రెబుల్ (పై పౌనఃపున్యాల ధ్వని) పాళ్ళు ఎలా ఉంటాయో అది చూపిస్తుంది. అది శాసనమేమీ కాదు. అయితే మీరు కొనాలనుకుంటున్న మోడల్ దాని నుంచి ఎక్కడ, ఎంత తొలగిందో కొలతల గ్రాఫ్‌లో చూస్తే, ఏ ప్రకటనా చెప్పని విషయాలు తెలుస్తాయి.

మీ గది ప్రశాంతంగా ఉంటుందనుకుని ఓపెన్‌బ్యాక్ రకాలు సూచిస్తున్నాను. వీటిలో చెవి కప్పు వెనుకభాగం జాలీలా తెరిచి ఉంటుంది. డ్రైవర్ వెనుక పుట్టిన ధ్వని కప్పులో కొట్టుకుని తిరిగి చెవిలోకి రాకుండా బయటికి పోతుంది, అందుకే శబ్దం తలలో ఇరుక్కున్నట్లు కాక చుట్టూ విశాలంగా పరుచుకున్నట్లు అనిపిస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ మీ అవసరాలకు నా మొదటి సూచన. బరువు తక్కువ, బేస్ అదుపులో ఉంటుంది, 120 ఓమ్స్ అయినా ప్రత్యేక యాంప్లిఫయర్ లేకుండానే చాలా కంప్యూటర్లతో సరిపడా మోగుతుంది. గాత్రానికే పెద్దపీట వేస్తానంటే 1997 నుంచి వస్తున్న హెచ్‌డీ 600 ఉంది. గొంతులు, వయోలిన్ అందులో వినిపించినంత సహజంగా చాలా ఖరీదైన వాటిలోనూ వినిపించవు. కాకపోతే దాని ధ్వని విశాలత తక్కువ, అట్టడుగు బేస్ కూడా తక్కువే. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోను గేమర్లు తెగ మెచ్చుకుంటారు. అడుగుల చప్పుడును అది ఎత్తి చూపించే మాట నిజమే గానీ, ట్రెబుల్ బాగా పెరిగి ఉండడం వల్ల పాటల్లో ‘స’, ‘శ’ అక్షరాలు ఈలలా గుచ్చుకుంటాయి. గంటల తరబడి సంగీతం వింటానన్న మీకు నేను దాన్ని సూచించను.

రెండవ సమాధానం

పై సమాధానంతో దాదాపు ఏకీభవిస్తూ, ఓమ్స్ గురించి మాత్రమే రాస్తాను. ఓమ్స్ ఎక్కువ ఉంటే నడపడం కష్టం, తక్కువ ఉంటే తేలిక అన్న సూత్రం సగమే నిజం. ఓమ్స్‌లో కొలిచే విద్యుత్ నిరోధమైన ఇంపిడెన్స్‌తో పాటు సెన్సిటివిటీని, అంటే ఒక మిల్లీవాట్ విద్యుత్తుకు ఎన్ని డెసిబెళ్ళ ధ్వని పుడుతుందన్న అంకెను కూడా చూడకపోతే లెక్క తప్పుతుంది.

లెక్కకట్టి చూపిస్తాను. ఆటలో పేలుడు, పాటలో డ్రమ్ము వంటి క్షణిక శిఖరాలు 110 డెసిబెళ్ళ దాకా చెక్కుచెదరకుండా రావాలనుకుందాం. హెచ్‌డీ 600 ఇంపిడెన్స్ 300 ఓమ్స్, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 97 డెసిబెళ్ళు. మిగిలిన 13 డెసిబెళ్ళకు విద్యుత్తు 20 రెట్లు కావాలి, అంటే సుమారు 20 మిల్లీవాట్లు. దానికి దాదాపు 2.45 వోల్టులు కావాలి గానీ, కరెంటు 8 మిల్లీయాంపియర్లు చాలు. ఇప్పుడు 32 ఓమ్స్, 91 డెసిబెళ్ళు ఉన్న ఒక ప్లానార్ హెడ్‌ఫోన్‌ను (పలుచని పొరను అయస్కాంతాల మధ్య కదిలించి ధ్వని పుట్టించే రకం) తీసుకోండి. ఓమ్స్ చూసి ఇది సులువనుకుంటాం. కానీ అదే 110 డెసిబెళ్ళకు దీనికి సుమారు 80 మిల్లీవాట్లు, అంటే 1.6 వోల్టులు, 50 మిల్లీయాంపియర్లు కావాలి. మొదటిది వోల్టేజీ అడుగుతుంది, రెండవది కరెంటు అడుగుతుంది. యూఎస్‌బీకి తగిలించే చిన్న ఆడియో డాంగిల్ రెండవదాని దగ్గర ముందుగా చేతులెత్తేస్తుంది.

కొందరు తయారీదారులు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాక ఒక వోల్టుకు ఇస్తారు. హెచ్‌డీ 560ఎస్‌కు ఇచ్చిన 110 డెసిబెళ్ళు వోల్టు లెక్కే, కనుక ఒక వోల్టు ఇవ్వగల ఏ అవుట్‌పుట్ అయినా దానికి చాలు. రెండు రకాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మరొకటి, యాంప్లిఫయర్ సొంత అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. కొన్ని హెడ్‌ఫోన్ల ఇంపిడెన్స్ అన్ని పౌనఃపున్యాల్లోనూ ఒకేలా ఉండదు, బేస్ దగ్గర పెరుగుతుంది. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువైతే అక్కడ ధ్వని ఉబ్బి, మీరు వదిలించుకోవాలనుకుంటున్న ఆ దుప్పటే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ప్లానార్లకు ఈ సమస్య దాదాపు లేదు.

కాబట్టి ముందు హెడ్‌ఫోన్ కొనండి, మీ కంప్యూటర్‌కే తగిలించి వినండి. వాల్యూమ్‌ను చివరిదాకా పెంచినా చాలకపోతే, లేదా మౌస్ కదిలించినప్పుడల్లా సన్నని గరగర వినిపిస్తుంటే అప్పుడు బయటి డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ సంకేతాన్ని అనలాగ్ ధ్వని సంకేతంగా మార్చే పరికరం), యాంప్లిఫయర్ గురించి ఆలోచించండి. ఆ గరగర చాలాసార్లు కంప్యూటర్ ముందువైపు సాకెట్లోనే ఉంటుంది. వెనుకవైపు మదర్‌బోర్డ్ సాకెట్‌కు మార్చి చూస్తే ఖర్చు లేకుండానే పోవచ్చు. ఇప్పటిదాకా మీరు యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడారు కనుక మీ కంప్యూటర్ ఆడియో సాకెట్ నాణ్యత మీకు అనుభవంలో లేదు. అది వినకుండా యాంప్లిఫయర్‌కు ఆర్డరు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదట చెప్పి ఉండవలసిన వివరాలు కొన్ని ఉన్నాయి. నా గదిలో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, నేను రాత్రివేళ ఆడేటప్పుడు అదే గదిలో మరొకరు నిద్రపోతుంటారు. అదీకాక నేను కళ్ళద్దాలు పెట్టుకుంటాను. ఓపెన్‌బ్యాక్ గురించి చదివినకొద్దీ ఆశ పుడుతోంది గానీ, దాని ధ్వని బయటికి ఎంతవరకు వినిపిస్తుందో అంచనా వేయలేకపోతున్నాను. పాత హెడ్‌సెట్‌లో కళ్ళద్దాల కాడలు నొక్కుకుని కణతలు నొప్పి పుట్టేవి. ఇది అన్నిటికీ తప్పదా, లేక కొన్నిటిలో తక్కువగా ఉంటుందా?

మూడవ సమాధానం

పక్కన నిద్రపోయే మనిషి ఉన్నప్పుడు ఓపెన్‌బ్యాక్ మాట మరచిపోండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో దాని లోపలి పాటను బయటివారు గుర్తుపట్టగలరు, తుపాకి మోతలైతే చెప్పనక్కర్లేదు. మీ మైకు దగ్గరగా ఉంటే స్నేహితులకు కూడా మీ ఆట శబ్దం చేరుతుంది. ధ్వని ఎంత విశాలంగా ఉన్నా, పక్కవారు లేస్తారేమోనని వాల్యూమ్ తగ్గించి ఆడితే అడుగుల చప్పుడు ఫ్యాను హోరులో కలిసిపోతుంది.

ఫ్యాను విషయంలో మరో చిక్కు ఉంది. చుట్టూ శబ్దం ఉన్నప్పుడు మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రమాణం ప్రకారం 80 డెసిబెళ్ళ వద్ద వారానికి 40 గంటలు వినడం వరకు పెద్దలకు క్షేమం. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఫ్యాను కోసం వాల్యూమ్‌ను 6 డెసిబెళ్ళు పెంచారంటే 40 గంటలు 10 గంటలైపోయాయన్నమాట. మీరు చెప్పిన వాడకంలో ఆ 10 గంటలు వారాంతంలోనే అయిపోవచ్చు. చెవి కప్పు వెనుకభాగం మూసి ఉండే క్లోజ్డ్‌బ్యాక్ రకం కొనడానికి నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బలమైన కారణం.

అయితే క్లోజ్డ్‌బ్యాక్‌కూ కళ్ళద్దాలకూ పడదు. ఆ రకంలో బేస్ సరిగా రావాలంటే ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోవాలి. కళ్ళద్దాల కాడ ప్యాడ్ కింద దూరినచోట చిన్న సందు పడుతుంది, అందులోంచి బేస్ జారిపోతుంది. రెండు పక్కలా సందు ఒకేలా ఉండదు కాబట్టి ఒక చెవిలో బేస్ ఎక్కువ, మరో చెవిలో తక్కువ వినిపించి ధ్వని ఒక పక్కకు ఒరిగినట్లు అనిపిస్తుంది. దుకాణంలో దీన్ని తేలికగా పరీక్షించవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకునే హెడ్‌ఫోన్ తొడుక్కోండి, బేస్ నిలకడగా మోగే పాట పెట్టండి, రెండు అరచేతులతో కప్పులను తలవైపు మెల్లగా అదమండి. అదిమినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే, మీ తలకూ మీ కళ్ళద్దాలకూ ఆ ప్యాడ్ సరిపడలేదని అర్థం. పెద్దగా తేడా రాకపోతే నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు.

నొప్పి మాటకొస్తే, అది ప్యాడ్ మెత్తదనం మీదా, హెడ్‌బ్యాండ్ బిగింపు మీదా ఆధారపడుతుంది. వెలవెట్ వంటి గుడ్డ ప్యాడ్లు గట్టి తోలు ప్యాడ్ల కంటే కాడల చుట్టూ బాగా ఒదుగుతాయి, చెమట కూడా తక్కువ పట్టిస్తాయి. పొట్టు లేవడమన్న మీ పాత బెడద వీటితో ఉండదు. సన్నని కాడలున్న కళ్ళద్దాలు వాడితే సగం బాధ అక్కడే తీరుతుంది.

మోడళ్ళ విషయానికి వస్తే, బేయర్‌డైనమిక్ డీటీ 700 ప్రో ఎక్స్‌ను ముందుగా చూడమంటాను. గుడ్డ ప్యాడ్లు, విడదీయగల కేబుల్, 48 ఓమ్స్, మామూలు సాకెట్‌తోనే నడుస్తుంది. దీనికంటే పాతదైన డీటీ 770 ప్రో సౌకర్యంలో ఏమాత్రం తీసిపోదు గానీ, దానికి కేబుల్ ఊడిరాదు, ట్రెబుల్ కూడా కొంత పదును. సెన్‌హైజర్ 2024లో విడుదల చేసిన హెచ్‌డీ 620ఎస్ కూడా క్లోజ్డ్‌బ్యాకే. మొదటి సమాధానంలో చెప్పిన 560ఎస్ స్వభావానికి దగ్గరి బంధువు. 150 ఓమ్స్ అన్న అంకెను చూసి భయపడనక్కర్లేదు, దాన్నీ సులువుగానే నడపవచ్చు. దాని ప్యాడ్లు తోలు రకం కనుక నేను పైన చెప్పిన అరచేతి పరీక్ష తప్పక చేయండి. ఆడియోటెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ పేరు మీకు అడుగడుగునా తగులుతుంది. మంచిదే, కానీ దాని ప్యాడ్ల లోపలి చోటు చిన్నది. పెద్ద చెవులు, కళ్ళద్దాలు రెండూ ఉన్నవారికి గంట తర్వాత ఇబ్బందిగా ఉంటుంది.

మొదటి సమాధానం రాసినవారి స్పందన

నిద్రపోయే మనిషి ఉన్నారంటే క్లోజ్డ్‌బ్యాకే, ఇక వాదన లేదు. కానీ ఫ్యాను విషయంలో ఒక మాట. క్లోజ్డ్‌బ్యాక్ కప్పులు పై పౌనఃపున్యాలనే బాగా ఆపుతాయి. ఫ్యాను మోటారు గుంయ్‌మనే మంద్ర శబ్దాన్ని అంతగా ఆపలేవు. గాలి కోసే సరసర చాలావరకు తగ్గుతుంది, మీకు అడ్డుపడేదీ అదే కాబట్టి ప్రయోజనం ఉంటుంది గానీ, పూర్తి నిశ్శబ్దాన్ని ఆశించకండి.

క్లోజ్డ్‌బ్యాక్‌కు మారినప్పుడు ఈక్వలైజర్, అంటే ఒక్కో పౌనఃపున్యాన్ని విడిగా పెంచి తగ్గించే సాఫ్ట్‌వేర్, తోడు తీసుకోమని నా సలహా. ఎందుకంటే మూసిన కప్పులో ధ్వని కొట్టుకుని తిరిగి రావడం వల్ల ఎక్కడో ఒకచోట మిట్టపల్లాలు ఏర్పడడం ఆ రకంలో మామూలు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది విండోస్ ధ్వని వ్యవస్థలోనే కూర్చుని పనిచేస్తుంది కాబట్టి ఆటకూ పాటకూ రెండింటికీ వర్తిస్తుంది. పాటల ప్లేయర్‌ను వాసాపీ ఎక్స్‌క్లూజివ్ పద్ధతిలో, అంటే ఆ ధ్వని వ్యవస్థను తప్పించి నేరుగా పరికరానికి పంపేలా నడిపితే మాత్రం దాన్ని దాటిపోతుంది. ఒక నియమం మరవకండి. ఏదైనా ఒక పౌనఃపున్యాన్ని 5 డెసిబెళ్ళు పెంచితే, మొత్తం స్థాయిని, అంటే ప్రీయాంప్‌ను 5 డెసిబెళ్ళు తగ్గించాలి. లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర సంకేతం కోసుకుపోయి బొంగురు వస్తుంది. నిజానికి పెంచడం కంటే తగ్గించడమే మేలైన అలవాటు. గొంతు మసకగా ఉందనిపిస్తే గొంతును పెంచకుండా 150 నుంచి 250 హెర్ట్జ్ ప్రాంతాన్ని 2, 3 డెసిబెళ్ళు తగ్గించి చూడండి. చాలాసార్లు అంతటితో తెర తొలగిపోతుంది.

కౌంటర్ స్ట్రైక్‌కూ సంగీతానికీ రెండు వేర్వేరు అమరికలు దాచుకోవచ్చు. ఆట కోసం బేస్‌ను మరికాస్త తగ్గించినా నష్టం లేదు. పాటలో అది పేలవంగా ఉంటుంది. రెండు జతలు కొనవలసిన పనిని ఇలా ఒక జతతో సరిపెట్టుకోవచ్చు.

దుకాణంలో రెండు మోడళ్ళను పోల్చేటప్పుడు రెండూ ఒకే గట్టితనంతో మోగేలా వాల్యూమ్ సరిచేసుకోండి. ఒకటి రెండు డెసిబెళ్ళు ఎక్కువ మోగేది మనకు గట్టిగా ఉన్నట్లు కాక మేలైనదిగా అనిపిస్తుంది. నిర్ణయాలు పక్కదారి పట్టేది ఎక్కువగా అక్కడే.

నాలుగవ సమాధానం

వైర్‌లెస్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఎంత మంచిదైనా ఈ తరహా ఆటలకు వద్దు. బ్లూటూత్ ధ్వనిని కుదించి పంపే సాధారణ ఎస్‌బీసీ కోడెక్‌లో ధ్వని 150 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం కావడం మామూలే. సినిమా చూసేటప్పుడు ప్లేయర్ చిత్రాన్ని కూడా ఆపి సరిచేస్తుంది గానీ, ఆటలో ఆ వీలు లేదు. పైగా చాలావాటిలో మైకును ఆన్ చేసిన మరుక్షణం అది టెలిఫోన్ పద్ధతికి మారిపోతుంది. ఆట ధ్వని స్టీరియో నుంచి మోనోకు పడిపోతే ఇక కుడి ఎడమ అన్న ప్రశ్నే ఉండదు. వైరు లేకుండా ఉండాలంటే సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచేవి ఉన్నాయి, వాటిలో ఆలస్యం పట్టించుకోనవసరం లేనంత తక్కువ. కానీ అదే ఖర్చులో బ్యాటరీ, రేడియో, ఛార్జింగ్ భాగాలకు కూడా వాటా పోతుంది కనుక, ధ్వనికి మిగిలేది వైరు రకంతో పోలిస్తే తక్కువే. బ్యాటరీ చివికిపోయాక మార్చుకునే వీలున్న మోడళ్ళు కొన్నే ఉన్నాయి. బల్ల ముందు కూర్చుని ఆడేవారికి వైరు అడ్డమేమీ కాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్లోజ్డ్‌బ్యాక్, వైరు ఉన్న రకం అని తేల్చుకున్నాను. డీటీ 700 ప్రో ఎక్స్‌నూ హెచ్‌డీ 620ఎస్‌నూ కళ్ళద్దాలతో తొడుక్కుని, అరచేతి పరీక్ష చేసి, వాల్యూమ్ సమం చేసి విన్న తర్వాతే కొంటాను. యాంప్లిఫయర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టేశాను. ఆటలోని హెచ్‌ఆర్‌టీఎఫ్‌ను ఉంచి 7.1ను ఆపేసి పాత హెడ్‌సెట్‌తోనే ప్రయత్నించాను. బేస్ ఉబ్బు అలాగే ఉంది గానీ, వెనుక నుంచి వచ్చేవారిని ముందున్నారని పొరబడడం తగ్గింది.

మిగిలింది మైకు ఒక్కటే. బల్ల మీద పెట్టే మైకు కొంటే ఫ్యాను శబ్దమూ కీబోర్డు టకటకా అందులో పడవా? కళ్ళద్దాలు, హెడ్‌ఫోన్, మళ్ళీ దానికి తగిలించే మైకు కాడ అంటే తలకు బరువు ఎక్కువవుతుందేమోనని కూడా సందేహంగా ఉంది.

రెండవ సమాధానం రాసినవారి స్పందన

మీ గదికి తలకు తగిలించే మైకే సరైనది. మైకు నోటికి ఎంత దగ్గరగా ఉంటే గొంతుతో పోలిస్తే ఫ్యాను శబ్దం అంత వెనకబడుతుంది. మైకు దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, దూరంలో ఉన్న ఫ్యాను మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బల్ల మీది మైకు నోటికి అరచేయి దూరంలోకి రాలేదు. వచ్చినా కీబోర్డు దానికి ఇంకా దగ్గరే.

కప్పుకు పక్కన అంటించే కాడ మైకులు విడిగా దొరుకుతాయి, వాటి బరువు చెప్పుకోదగ్గది కాదు. హెడ్‌ఫోన్ కేబుల్ స్థానంలోనే మైకుతో కూడిన కేబుల్ పెట్టుకునే రకం కూడా ఉంది గానీ, అది కప్పు మీద 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉన్నవాటికే పనికొస్తుంది. మీరు ఎంచుకున్న రెండింటికీ అలాంటి సాకెట్ లేదు, కనుక అంటించే రకమే తీసుకోండి. మైకును నోటికి ఎదురుగా కాక పెదవి మూలకు కొంచెం పక్కగా ఉంచితే ఊపిరి తగిలి బుసకొట్టదు. అన్ని దిశల నుంచీ వినేది కాకుండా ముందువైపు నుంచే వినే కార్డియాయిడ్ రకాన్ని ఎంచుకోండి, అప్పుడు ఫ్యానుకు వీపు పెట్టినట్లు తిప్పుకోవచ్చు.

ప్లగ్గును కూడా గమనించండి. మీ కంప్యూటర్‌లో హెడ్‌ఫోన్‌కూ మైకుకూ రెండు వేర్వేరు సాకెట్లు ఉంటే మైకును దాని గులాబీ రంగు సాకెట్‌లో నేరుగా పెట్టవచ్చు. ల్యాప్‌టాప్‌లలో ఉండేలా రెండూ కలిసిన ఒకే సాకెట్ అయితే రెండింటినీ కలిపే చిన్న వై ఆకారపు వైరు కావాలి. ఆ వైరు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒక రకం రెండు హెడ్‌ఫోన్లను ఒకే పాటకు తగిలించడానికి పనికొచ్చేది, మైకును అసలు మోయదు. రెండవదాని కొసల్లో ఒకదాని మీద మైకు బొమ్మ, మరొకదాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మలు చూసి తీసుకోండి.